మీనా సల్మాన్‌లో దొర తన్నిన బంతి

మా ముత్తాత మాధవరావు దేశ్‌ముఖ్ ఇరవై ఊళ్ళ శిస్తు వసూలు చేసి నిజాం ఖజానాకు కట్టినవాడు. తాలూక్‌దారు వస్తే ఆయన ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చునే హక్కు జగిత్యాల చుట్టుపక్కల మా ఇంటికొక్కదానికే ఉండేది. మా తాత రాఘవరావు సికింద్రాబాదు కంటోన్మెంటులో తెల్ల సిపాయిలు బంతాట ఆడటం చూసి వచ్చి, గడీ వెనకాల జొన్నచేను చదును చేయించి, రెండు కొసలా ఇనుప గోల్ స్తంభాలు పాతించాడు. మిగతా ఊళ్ళలో వెదురు బొంగులు పాతుకుని ఆడుకునేవారు. మా మైదానంలో ఆట మొదలయ్యే ముందు తాత తోలు బూట్లు తొడుక్కుని బంతిని ఒక్క తన్ను తన్నేవాడు. దొర తన్నిన బంతి తనంతట తాను ఆగేదాకా ఎవడూ దాన్ని ముట్టకూడదు. అది మా రివాజు. తాత తర్వాత నాన్న తన్నాడు. నాన్న తర్వాత నేను తన్నాను. ఆ తర్వాత తన్నే పని పడలేదు. పొలాలు సీలింగు చట్టం కింద పోయాయి, గడీ తలుపులు నక్సలైటు అన్నలు ఊడబీకారు, మేము హైదరాబాదు చేరాం.

హైదరాబాదులో నేనూ, భర్త పోయిన మా అక్కా ఒక రెండు గదుల వాటాలో ఉంటున్నాం. ఆ ఇంటి యజమాని పచ్చళ్ళ వ్యాపారి. తన కొడుక్కి పెళ్ళి కుదిరింది, వాటా ఖాళీ చేయమన్నాడు. మా అక్క పెట్టె సర్దుకుంటూ, "ఈసారి పోతే మనదే అయిన ఇంటికి పోదాంరా. ఇంకొకడు ఖాళీ చేయమనే మాట నేను మళ్ళీ వినను" అంది. అమ్మడానికి మాకు మిగిలింది ఆ మైదానం ఒక్కటే. కొంటానన్నవాడు మల్లేశం. వాళ్ళ నాన్న రాజన్న మా సవారీ బండి తోలాడు. మల్లేశం ఇప్పుడు బహ్రెయిన్‌లో వెల్డింగు వర్క్‌షాపు నడుపుతున్నాడు. చేతిలో ఓడ మరమ్మతు పని ఉంది, తాను రాలేనన్నాడు. మా ఇంట్లో భూమి చేతులు మారేటప్పుడు మధ్యలో దళారి ఉండడు. అమ్మేవాడు కొనేవాడి దోసిట్లో ఆ నేల మట్టి తన చేత్తో పోయాలి. అందుకని నేనే వెళ్ళాను.

మొహర్రఖ్ విమానాశ్రయం

నాయనమ్మ వెండి తమలపాకుల పెట్టెలో మైదానం మట్టి నింపుకుని బయలుదేరాను. బహ్రెయిన్‌లో దిగగానే సుంకం అధికారి పెట్టె తెరిచి వాసన చూశాడు.

"ఏమిటిది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నా మైదానం మట్టి."

"ఇందులో ఏమైనా నాటుతారా?"

"అమ్ముతాను."

అతను నన్నొకసారి, నా కోటునొకసారి చూశాడు. తర్వాత ఆ మట్టిని చెత్తడబ్బాలో వంపి, పెట్టెను శుభ్రంగా తుడిచి రెండు చేతులతో అందించాడు. మర్యాదస్తుడే. ఒక చెట్టు మొలిపించలేని దేశం పక్కవాడి మట్టిని చూసి జడుసుకోవడం మాత్రం నాకు నవ్వు తెప్పించింది. నవ్వలేదు.

బయట మల్లేశం పంపిన డ్రైవరు యూసుఫ్ ఉన్నాడు. బోధన్ మనిషి, గడ్డానికి గోరింటాకు.

"సలామ్ దొర సాబ్. మల్లేశం సేఠ్ కారు తెమ్మన్నడు."

రాజన్న కొడుకు సేఠ్ అయిన సంగతి నాకు అలా తెలిసింది.

మీనా సల్మాన్

దుబాయి నుంచి వచ్చినవాళ్ళు మన ఊళ్ళలో చెప్పే కబుర్లు మీరూ వినే ఉంటారు. అద్దాల మేడలనీ, బంగారమనీ, పన్నీరు చల్లిన వీధులనీ. ఆ కబుర్లు చెప్పినవాళ్ళు తమ గదిని మాత్రం ఎన్నడూ వర్ణించరు. మీనా సల్మాన్ పాత ఓడరేవు. రేకుల గోదాములు, తుప్పు వాసన, డీజిలు మరకలు. పనివాళ్ళుండే క్యాంపులో ఒక్కో గదిలో మంచం మీద మంచం, ఆ పైన ఇంకో మంచం. ఇవే గదుల్లోంచి ఊరికి రంగుల టీవీలు దిగుతాయి, వాటిని చూసి ఊరు కుళ్ళుకుంటుంది.

మల్లేశం వర్క్‌షాపు ముందే ఎదురొచ్చాడు. లావయ్యాడు, మెడలో గొలుసు. కాళ్ళు మొక్కబోయి, చుట్టూ పనివాళ్ళున్నారని గుర్తొచ్చి, మోకాళ్ళ దాకా వంగి లేచాడు.

"మంచిగొచ్చిండ్రా దొరా? తొవ్వల తక్లీఫ్ గాలే గద?"

నాకు తన గది ఇచ్చి తాను పనివాళ్ళతో పడుకుంటానన్నాడు. అన్నం, పప్పుచారు, వేయించిన చేప, కుబ్బూసు అనే అరబ్బుల రొట్టె పెట్టాడు. కుబ్బూసు వేడిగా ఉన్నంతసేపు రొట్టె, చల్లారితే అట్టముక్క. నేను తిన్నంతసేపూ మల్లేశం నిలబడే ఉన్నాడు. కూర్చోమని నేను అనలేదు.

చెయ్యి కడుక్కుని అడిగాను. "మైదానంలో ఏం కడతావు?"

"గోదాములు దొరా. వడ్లు నింపెటందుకు. సడక్ పక్కపొంటే ఉన్నది, లారీ మంచిగ తిరుగుతది."

"అది మా తాత వేసిన ఆటస్థలం. ఆటస్థలంగానే ఉంచుతానంటే ఇస్తాను. లేకపోతే లేదు."

మల్లేశం భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఆడెటోళ్లు ఏరి దొరా? అందరు ఈడనే ఉండిరి."

జవాబు లేనప్పుడు మా ఇంట్లో వాళ్ళు చేసే పనే నేనూ చేశాను. పడుకుంటానని చెప్పి తలుపు వేసుకున్నాను.

మనామా

మర్నాడు యూసుఫ్ నన్ను మనామా పాత బజారుకు తీసుకెళ్ళాడు. యాభై ఫిల్సులకు ఒక గ్లాసు చాయ్. పాలడబ్బా పాలతో కాచిందే అయినా బాగుందని ఒప్పుకోవాలి. బహ్రెయిన్ హల్వా గురించి చాలా గొప్పగా విన్నాను. కుంకుమపువ్వు, నెయ్యి, పిండి కలిపి జిగురుగా సాగే పదార్థం. పళ్ళకు అంటుకున్నది సాయంత్రం దాకా వదల్లేదు. మా ఇంట్లో పెళ్ళిళ్ళకు బాదంపాకం పోసిన వంటవాడు దీన్ని చూస్తే తలుపుల సందుల్లో పూయడానికి వాడేవాడు.

ముత్యాల కొట్టుకు వెళ్ళాం. మన చార్మినారు దగ్గర అమ్మిన పాత ముత్యాలకు పుట్టిల్లు ఈ సముద్రమే. కొట్టు యజమాని వెల్వెట్ గుడ్డ మీద ఒక దండ పరిచి, హైదరాబాదు వాళ్ళకు తన తాతలు అమ్మేవారని చెప్పాడు. మా నాయనమ్మకు ఇంతకంటే పెద్దవి మూడు పేటలు ఉండేవన్నాను. "ఇప్పుడెక్కడున్నాయి?" అని అడిగాడు. వ్యాపారి అడగాల్సిన ప్రశ్న కాదు. బయటికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే మల్లేశం తన కఫీల్ ఇంటికి పిలుచుకుపోయాడు. కఫీల్ అంటే ఆ దేశంలో పరాయివాడి పూచీదారు. పాస్‌పోర్టు ఆయన చేతిలో ఉంటుంది. ఒకప్పుడు మా గడీలో ఇలాంటి పూచీలు చాలా ఉండేవి, పాస్‌పోర్టు అన్న మాటే లేదు. ముసలాయన మజ్లిస్ అనే అతిథుల గదిలో తివాచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను తన కుడివైపు కూర్చోబెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ మల్లేశాన్ని చూసి "యల్లా" అంటూ చెయ్యి పట్టి లాగి నా పక్కనే కూర్చోబెట్టాడు. మల్లేశం మోకాలు నా మోకాలికి తగిలింది. ఇద్దరం చెరో పక్కకు జరిగాం. ఎక్కువ జరగడానికి చోటు లేదు.

చిన్న పింగాణీ కప్పులో యాలకుల కాఫీ పోశారు. తాగితే మళ్ళీ పోశారు. వద్దనడం అమర్యాదని తాగుతూనే పోయాను. నా గుండె దడ మొదలయ్యాక మల్లేశం నా వైపు చూడకుండానే మెల్లగా అన్నాడు. "కప్పు జర ఊపుండ్రి దొరా. ఊపకుంటే పొద్దుందాక పోస్తనే ఉంటరు."

ఊపాను. ఆగింది.

జుఫైర్

మల్లేశానికి ఒక బంతాట జట్టు ఉంది. గల్ఫులో డబ్బు చేసిన తెలంగాణ మనిషి బంగారం కొంటాడు, లేకపోతే గుడికి గంట కొంటాడు. వీడు ఒక అమెరికా ఆటగాణ్ణి కొన్నాడు. శుక్రవారాలు మాత్రమే, పూటకు ఇంతని. అతన్ని నాకు చూపించాలని మల్లేశానికి ఉబలాటం. తనకు పని ఉండి యూసుఫ్‌ను తోడిచ్చి నన్ను జుఫైర్ పంపాడు.

జుఫైర్‌లో అమెరికా నౌకాదళం స్థావరం ఉంది. దాని చుట్టూ హోటళ్ళు, అద్దె గదుల మేడలు. అమెరికా ఆటగాడి పేరు డారెల్. ముప్పై దాటినవాడు, పొడుగరి, చెంపల మీద ఎండకు కాలిన మచ్చలు. హోటల్లో భోజనాల బల్లకు పొట్టి లాగుతో వచ్చాడు. ఎడమచేత్తో తిన్నాడు. మచ్‌బూస్ అనే బిర్యానీ లాంటి అన్నాన్ని చెంచాతో తిన్నాడు, దాని మీద టమాటా సాసు పోసుకున్నాడు. యూసుఫ్ కళ్ళు మూసుకున్నాడు.

అతను మిడ్‌ఫీల్డరు. వెనక కాపలా కాసేవాళ్ళకూ ముందు గోలు కొట్టేవాళ్ళకూ మధ్య పరుగులు తీసేవాడన్నమాట. మా తాత ఆ స్థానాన్ని నడిమోడు అనేవాడు. నేనూ నడిమోణ్ణే. ఆ మాట చెప్పాక డారెల్‌కు నా మీద ఆసక్తి కలిగింది. తన కథ చెప్పాడు.

కథ వింటే ఆ దేశం మీద జాలి కలగదు, చిరాకు కలుగుతుంది. కాలేజీ అయ్యేసరికి అక్కడున్న పెద్ద లీగు మూతపడిందట. అంత దేశంలో, అంత డబ్బున్న దేశంలో, ఆరుబయట బంతాట ఆడి బతకడానికి చోటు లేదు. అందుకని ఇంటి కప్పు కింద ఆడాడు. మంచు ఆటల స్థలం మీద పచ్చ తివాచీ పరిచి, చుట్టూ నడుమెత్తు చెక్కగోడ కట్టి, దాని లోపల ఆరుగురూ ఆరుగురూ ఆడతారట. బంతి గోడకు తగిలితే బయటికి పోయినట్టు కాదు. గోడకు కొట్టి తిరిగొచ్చిన బంతిని తానే అందుకోవచ్చు.

"గోడ మా ఏడో ఆటగాడు. జీతం అడగదు, అలిసిపోదు, పాసు ఇస్తే తప్పకుండా తిరిగిస్తుంది" అన్నాడు.

"ఇది ఆటా?" అని అడిగాను.

"పదేళ్ళు నా ఇంటి అద్దె కట్టింది."

ఆ పదేళ్ళలో ఎన్నో జట్లు మారాడు, చాలావరకు మూతపడ్డాయి. తొంభై నాలుగులో స్వదేశంలో ప్రపంచకప్పు జరిగినప్పుడు జాతీయ జట్టు శిబిరం దాకా పిలిచి వెనక్కి పంపారు. తివాచీ మీద పెరిగినవాడికి పచ్చిక మీద పక్కన గోడ లేకపోతే తోచదన్నారట. బెల్జియంలో ఒక చిన్న జట్టుకు ఒక సీజను ఆడాడు. ఇక్కడి క్లబ్బు ఒకటి అమెరికావాడన్న పేరు చూసి పిలిచింది, ఆట చూసి పంపేసింది. ఇప్పుడు నౌకాదళం వాళ్ళ పిల్లలకు బంతాట నేర్పుతూ, స్వదేశంలో కొత్త లీగు పెడుతున్నారని విని ఫోను కోసం చూస్తున్నాడు.

"నువ్వు ఆడిన మైదానాలు ఏమయ్యాయి?" అని అడిగాను. నా మనసులో నా మైదానమే ఉంది.

"ఒకటి కార్లు ఆపే స్థలం. ఒకటి తివాచీల దుకాణం. మిగతావి తెలియదు, వెనక్కి వెళ్ళి చూడలేదు."

మనుషులకు జ్ఞాపకం ఉండటానికి కొన్ని తరాలు కావాలి, వీళ్ళకు ఇంకా అన్ని గడవలేదు అనుకున్నాను.

అప్పుడతను కాలు ఎత్తి బల్ల మీద పెట్టాడు. అన్నం పళ్ళెం పక్కన. మోకాలి నుంచి మడమ దాకా ఎముక మీద గుంటలు, కుట్లు, నల్లటి మచ్చలు. ఏ గుంట ఏ ఊరివాడి బూటుదో చెప్పాడు. చెప్పి నా కాళ్ళ వైపు చూశాడు. నేను పంచె కట్టుకుని ఉన్నాను, కాలు మీద కాలు వేసుకున్నందువల్ల పిక్క దాకా కనబడుతోంది. ఒక్క మచ్చ లేదు.

"నువ్వూ నడిమోడివే కదా. నిన్ను అడ్డుకునేవాడు ఎవడు?"

"మా ఊళ్ళో ఆ పద్ధతి లేదు."

అతను కాలు కిందికి దించాడు. టమాటా సాసు సీసా అందుకున్నాడు.

గోదాముల గల్లీ

శుక్రవారం సాయంత్రం. రెండు పెద్ద గోదాముల మధ్య పొడుగాటి గల్లీ. రెండు పక్కలా రేకు గోడలు, రెండు కొసలా సుద్దతో గీసిన గోలు. మల్లేశం జట్టుకు ఎదురు ఇంకో క్యాంపు జట్టు. రెండింట్లోనూ ఉన్నవాళ్ళు మనవాళ్ళే. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల. కొందరు మా ఊరివాళ్ళే, నన్ను చూసి బీడీలు దాచారు. ఎదుటి జట్టు గోలు కాసేవాడు గంగారాం. వాళ్ళ నాన్న మా మైదానం గీతల మీద సున్నం పోసేవాడు.

డారెల్‌ను చూసి గంగారాం మల్లేశంతో వేళాకోళమాడాడు. "ఏం సేఠూ, మాతోని గెలువ అమెరికా ఫౌజును దెచ్చినవా?"

"నీకు భయమైతే ఖలాస్ అని చెప్పు, ఇంటికి పో" అన్నాడు మల్లేశం.

మల్లేశం బంతి తెచ్చి నా పాదాల దగ్గర పెట్టాడు. "మీరే తన్నాలె దొరా. పెద్దదొర తన్నినట్టు."

నిరాకరించేవాణ్ణే. కానీ అందరూ చూస్తున్నారు. చెప్పులు విడిచి తన్నాను. బాగానే తగిలింది. బంతి ఏటవాలుగా పోయి రేకు గోడకు ధణేల్‌మని కొట్టుకుని, వెనక్కి తిరిగి, గల్లీ మధ్యలోకి దొర్లుకుంటూ వచ్చింది.

ఒక్కడు కదలలేదు. రెండు జట్లూ, ఎక్కడివాళ్ళక్కడ, చేతులు కిందికి వేసి బంతి వైపు చూస్తూ నిలబడిపోయారు. మా మైదానం చూసి ఎరగని మెట్‌పల్లి వాళ్ళు కూడా పక్కవాళ్ళను చూసి ఆగిపోయారు. డారెల్ ఒక్కడికే ఏమీ తెలియదు. అతనికి కనబడింది గోడ ఇచ్చిన పాసు. రెండంగల్లో వెళ్ళి బంతి అందుకుని, ఇంకోసారి అవతలి గోడకు కొట్టి, తిరిగొచ్చినదాన్ని పాదం లోపలి వైపుతో మెత్తగా గోల్లోకి పంపాడు. గంగారాం చేతులు కట్టుకుని తన పక్కనుంచి పోతున్న బంతిని చూశాడు.

తర్వాత గోల పుట్టింది.

"అది గోలు గాదు. బంతి ఆగలే. దొర తన్నిన బంతి ఆగకముందే ఎట్ల ముడ్తడు?" అన్నాడు గంగారాం.

"అరె గంగారాం, ఆగింది బంతి గాదు, నీ దిమాకు" అన్నాడు యూసుఫ్ గోడకానుకుని.

డారెల్ నా దగ్గరికి వచ్చాడు. తానేం తప్పు చేశానని అడిగాడు. రివాజు వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"బంతి ఆగేదాకానా? నీ మైదానం వాలుగా ఉంటే?"

మా మైదానం తూర్పుకు వాలు. ఎంతో కాదు, వాన పడ్డప్పుడు తెలిసేంత. తాత ఎప్పుడూ తూర్పుకే తన్నేవాడు. నాన్న తూర్పుకే. నేనూ తూర్పుకే. చాలాసార్లు బంతి దొర్లుకుంటూ పోయి నేరుగా గోల్లో ఆగేది. జనం చప్పట్లు కొట్టేవారు. దాన్ని గోలుగానే రాసుకునేవారు. ఇన్నేళ్ళలో ఆ వాలునూ ఆ గోల్స్‌నూ నేను ఎన్నడూ కలిపి ఆలోచించలేదు.

"తీర్పు మీరే చెప్పుండ్రి దొరా. మీ మాటకు ఇద్దరం కట్టుబడి ఉంటం" అన్నాడు గంగారాం. రెండు జట్లూ నా చుట్టూ మూగాయి.

నాకు సంతోషం కలగవలసిన సమయమది. ఊరు పోయి, గడీ పోయి, సముద్రానికి ఇవతల ఎవడి తుప్పుపట్టిన రేకుల మధ్యనో మా తాత మాట నిలబడింది. కానీ కలిగింది రోత. పాస్‌పోర్టు ఒకడి చేతిలో పెట్టి, ఎండలో ఇనుము కోసి బతికే మగవాళ్ళు, కళ్ళముందు బంతి పెట్టుకుని, నా కాలి కేసి చూస్తూ నిలబడ్డారు. వీళ్ళకు మేము నేర్పిన బంతాట ఇది. గోడల మధ్య ఆడి చెడిపోయాడని నేను ఈసడించినవాడు ఒక్కడే ఆడాడు.

"గోలే. ఆ రివాజు ఆ మైదానానిది. ఇది ఆ మైదానం కాదు" అన్నాను.

గంగారాం లుంగీ ఎగ్గట్టుకుని బంతి తేవడానికి పోయాడు. ఆ తర్వాత డారెల్ కాళ్ళ మీద ఇంకో రెండు గుంటలు పడి ఉంటాయి. గంగారాం ముందుకొచ్చి మరీ తన్నాడు. ఆట చీకటి పడేదాకా సాగింది. ఎవరు గెలిచారో నేను లెక్కపెట్టలేదు.

మల్లేశం గది

అన్నాలకు ముందు మల్లేశాన్ని పిలిచి కూర్చోమన్నాను. ఒక్క క్షణం తటపటాయించి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"గోదాములు కట్టుకో."

"ఆటస్థలం గానే ఉండాలంటిరి గద దొరా?"

"అక్కడ ఎవరూ ఆడలేదు మల్లేశం. నిలబడ్డారు."

వాడు తల వంచుకున్నాడు. తర్వాత అడిగాడు. "మా నాయిన చెప్పేటోడు. భూమి ఇచ్చేటప్పుడు దొరలు మట్టి పోస్తరని. తెచ్చిండ్రా?"

వెండి పెట్టె తీసి తెరిచాను. మట్టి సంగతి చెప్పాను. మల్లేశం అప్పటికే దోసిలి పట్టాడు. లేచి నిలబడలేదు, కుర్చీలోంచే పట్టాడు. నేను ఖాళీ పెట్టెను వాడి చేతుల మీద వంచాను. వంచకపోతే వాడు ఆ చేతులు దించేలా లేడు.

"పోసినట్టే దొరా. లెక్క అయిపాయె" అని చేతులు నెత్తికి రాసుకున్నాడు. "యల్లా, బువ్వ తిందం, సల్లారుతది."

ఇద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. చేప ఉప్పగా ఉంది.

ఇంటికి వచ్చాక

ఇప్పుడు మేమున్నది మైదానం డబ్బుతో కొన్న ఇల్లు, హైదరాబాదు చివర. రెండు గదులు, ఒక వరండా. మా అక్క పొద్దున్నే గేటు తాళం తానే తీస్తుంది, ఆ పని నన్ను చేయనివ్వదు. డారెల్‌కు స్వదేశం నుంచి ఫోను వచ్చిందనీ, కొత్త లీగులో చేరాడనీ మల్లేశం చెప్పాడు. ఆడించారో, మైదానం బయట బల్ల మీద కూర్చోబెట్టారో తెలియదు. మొదటి గోదాముకు తూర్పు వైపు పునాది ఎక్కువ ఎత్తు లేపవలసి వచ్చిందట.

గడీ వెనక మైదానం మొత్తం, గీతల బయటి చోటుతో సహా, జగిత్యాల రిజిస్ట్రీ ఆఫీసులో మల్లేశం పేరు మీదికి మారింది. ఇనుప గోల్ స్తంభాలు ఆ కాగితంలోకి రాలేదు. వాటిని పెకిలించి పాత ఇనుము కింద తూకానికి అమ్మాం.